ఒక్క గుర్తు మారిస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తోంది: ఫార్మాటింగ్ సెట్టింగులు ఎక్కడ పెట్టాలి?

మధురవాడ మూడో అంతస్తు (ప్రశ్న)

నమస్కారం. విశాఖపట్నంలో, మధురవాడలో మాది ఐదుగురు మనుషుల ఆఫీసు. పోర్టు నుంచి సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ల కోసం ఒక అప్లికేషన్ రాసి నడుపుతున్నాం. కంటెయినర్ ఏ యార్డులో ఉంది, ఉచిత రోజులు ఎప్పటితో అయిపోతాయి, ఆ పైన డెమరేజి ఎంత పడుతుంది, లారీ ఎప్పుడు రావాలి, ఇవన్నీ అది చూసుకుంటుంది. తెర వైపు టైప్‌స్క్రిప్ట్, సర్వర్ వైపు పైథాన్.

నిన్న డెమరేజి లెక్కలో ఒక షరతు మార్చాను. ‘కన్నా ఎక్కువ’ ఉన్నచోట ‘సమానం లేదా ఎక్కువ’ రావాలి. ఒక్క గుర్తు. సేవ్ చేసి పంపితే, రివ్యూ చేసే ఆయనకు ఆ ఫైలులోని తొమ్మిది వందల పైచిలుకు లైన్లూ ఎర్రగా పోయి పచ్చగా తిరిగి వచ్చినట్టు కనిపించాయి. నేను మార్చిన గుర్తు అందులో ఎక్కడుందో ఆయన వెతకలేకపోయారు. “ఫైలు మొత్తం తిరగరాశారా?” అని అడిగారు. అడిగిన తీరులో కోపం కన్నా అనుమానం ఎక్కువగా వినిపించింది, నాకు అదే గుచ్చుకుంది.

మా ఐదుగురి సంగతి కూడా చెప్పాలి. ముగ్గురం వీఎస్ కోడ్ వాడతాం. అనకాపల్లి నుంచి వచ్చే ఆయన పైచార్మ్ తప్ప మరొకటి ముట్టరు. ఇంకొక ఆవిడ ఇంటి నుంచి, లినక్స్ మీద, విమ్‌లో రాస్తారు. ఆవిడను మారమని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నాది విండోస్ ల్యాప్‌టాప్. ‘ట్యాబ్ సైజ్’ నాలుగు అని పెట్టుకున్నాను, అయినా కొన్ని ఫైళ్ళు తెరవగానే రెండే చూపిస్తుంది. ‘ఫార్మాట్ ఆన్ సేవ్’ దగ్గర టిక్కు పెట్టాను. ఒక్కోసారి కోడ్ సర్దుకుంటుంది, ఒక్కోసారి ఏమీ జరగదు. పైథాన్ ఫైళ్ళలో అసలే జరగదు. ఈమధ్య కొత్తగా ప్రతి లైను చివరా ఎర్రగీత వస్తోంది. దాని మీద మౌసు పెడితే, కంటికి కనిపించని ఒక అక్షరాన్ని తీసేయమంటోంది. కనిపించనిదాన్ని తీసేయడం ఎలా?

వీడియోల్లో చూసినవన్నీ ‘ఈ సెట్టింగులు కాపీ చేసుకోండి, జీవితం మారిపోతుంది’ అనే రకమే. చేసుకున్నాను. మారింది డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా చూపేది) ఒక్కటే. నా ఎడిటర్ నాకు నచ్చినట్టు ఉండాలి, నేను ముట్టని లైను మాత్రం కదలకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమేనా? సాధ్యమైతే ఏ సెట్టింగు ఎక్కడ ఉండాలో, ఎందుకు ఉండాలో ఎవరైనా చెబుతారా?

సిరిపురం సందు

ఆఫీసులో ఉన్నాను కాబట్టి చకచకా రాస్తున్నాను.

నాలుగు పెట్టినా రెండు రావడానికి కారణం ‘డిటెక్ట్ ఇండెంటేషన్’. వీఎస్ కోడ్‌లో అది మొదటి నుంచీ ఆన్ అయి ఉంటుంది. ఫైలు తెరవగానే లోపల ఉన్న ఇండెంట్ ఎంతో చూసి, మీ అంకెను పక్కన పెట్టి దాన్నే పాటిస్తుంది. నిజానికి అది మంచి గుణం. పరాయి ఫైలులో మీ నాలుగు కలపకుండా ఆపుతోంది. ఆఫ్ చేయకండి.

పైథాన్ ఫైళ్ళు సర్దుకోకపోవడానికి కారణం, మైక్రోసాఫ్ట్ పైథాన్ ఎక్స్‌టెన్షన్‌లో ఇప్పుడు ఫార్మాటర్, అంటే కోడ్‌ను సర్దే సాధనం, లేదు. ‘బ్లాక్ ఫార్మాటర్’ గానీ ‘రఫ్’ గానీ విడిగా వేసుకోవాలి. తర్వాత పైథాన్ వరకు ‘డిఫాల్ట్ ఫార్మాటర్’ అదేనని చెప్పాలి. ఒకే భాషకు రెండు ఫార్మాటర్లు ఉండి, ఏది వాడాలో మీరు చెప్పకపోతే, సేవ్ చేసినప్పుడు అది ఏదీ వాడకుండా ఊరుకుంటుంది.

ఒక్కోసారి జరిగి ఒక్కోసారి జరగకపోవడం: మీకు ‘ఆటో సేవ్’ ఉందా? అది ‘ఆఫ్టర్ డిలే’లో ఉంటే, దానంతట అది సేవ్ చేసినప్పుడు ఫార్మాటింగ్ జరగదు. మీరు కంట్రోల్, ఎస్ నొక్కినప్పుడే జరుగుతుంది.

గాజువాక కోబాల్

బాబూ, పైన చెప్పినవన్నీ సరైనవే. చేసుకోండి. అయితే అవి మీ ఒక్కరి ల్యాప్‌టాప్‌ను సరిచేస్తాయి, మిగతా నలుగురూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు.

ఎడిటర్‌లోని ప్రతి సెట్టింగునూ ఒక్క ప్రశ్న అడగండి. దీన్ని మారిస్తే డిస్కు మీద ఉన్న ఫైలులో ఒక్క బైటైనా మారుతుందా? మారకపోతే అది మీ సొంతం. ఫాంటు, అక్షరాల సైజు, రంగులు, లైను నంబర్లు, పొడుగు లైనును తెర మీద మడిచి చూపించడం, ఇండెంటుకు నిలువు గీతలు, వీటి గురించి ఆఫీసులో చర్చ పెట్టినవారి చేత అందరికీ టీ ఇప్పించాలి. బైటు మారేటట్టయితే అది కోడ్ సొత్తు. ట్యాబా స్పేసా, ఎన్ని స్పేసులు, లైను ఎక్కడ విరగాలి, ఒంటి కోట్ల జంట కోట్ల సంగతి, లైను చివర ఏ గుర్తు ఉండాలి, ఫైలు చివర ఖాళీ లైను ఉండాలా అన్నవి కోడ్‌తో పాటు, దాని మార్పుల చరిత్ర దాచే గిట్‌లోనే ఉండాలి. మీ ఎడిటర్ సెట్టింగుల్లో వాటికి చోటు లేదు. వీడియోలు చూసి కాపీ చేసుకున్నవాటిలో ఈ రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి. ముందు వాటిని విడదీయండి.

నేను కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టినదాన్ని. ఒక పెద్ద కర్మాగారంలో జీతాల లెక్కలు. మాకు అభిరుచి అన్న మాటే లేదు. మొదటి ఆరు గడులు వరుస సంఖ్యకు, ఏడోది గుర్తుకు, అక్కడ నక్షత్రం పెడితే ఆ లైను వ్యాఖ్య. 8 నుంచి 11 దాకా ఒక ప్రాంతం, 12 నుంచి 72 దాకా ఇంకొకటి. 73 నుంచి 80 వరకు ఏమి రాసినా కంపైలర్ చదవదు. చదవడం లేదని చెప్పదు కూడా. ఒకసారి ఓవర్‌టైమ్ లెక్కలో వంద అనే అంకె చివరి సున్నా 73వ గడిలో పడింది. ప్రోగ్రాము నిక్షేపంగా కంపైల్ అయింది, వందకు బదులు పదితో లెక్క కట్టింది. నెలాఖరున కార్మికులు జీతం చీటీలు పట్టుకుని మా కిటికీ ముందు బారు తీరారు. అప్పటి నుంచి “ఫార్మాటింగ్ అంటే అందం కోసమే కదా” అని ఎవరైనా అంటే నాకు ఆ బారు గుర్తుకొస్తుంది.

ఆ 80 ఎక్కడిదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరుసలు ఉండేవి. తర్వాత వచ్చిన టెర్మినళ్ళు అదే వెడల్పు పట్టుకున్నాయి. కార్డులు పోయి ఎన్నో ఏళ్ళైనా మీ టైప్‌స్క్రిప్ట్‌ను సర్దే ప్రిటియర్ ఇప్పటికీ, మీరేమీ చెప్పకపోతే, 80 దగ్గరే లైను విరుస్తుంది. 2001 నాటి పైథాన్ శైలి పత్రం, పెప్ 8, 79 అంటుంది. బ్లాక్ 88 అంటుంది. లినక్స్ కెర్నల్‌వారు 2020లో తమ తనిఖీ స్క్రిప్టులో హెచ్చరిక హద్దును 80 నుంచి 100కు జరిపారు. నా మట్టుకు 88 చాలు. చిన్న ల్యాప్‌టాప్‌లో పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు వందేసి అక్షరాల లైన్లు రెండు పట్టవు. మీ ఆఫీసులో పెద్ద తెరలుంటే వంద పెట్టుకోండి. అంకె ఏదైనా రాసి పెట్టి మరచిపోండి.

ఇక మీ తొమ్మిది వందల లైన్లు. అది ఇండెంట్ పని కాదని నా అనుమానం, లైను చివరి గుర్తుల పని. పాత టెలిటైపు యంత్రాల్లో కొత్త లైను మొదలుపెట్టాలంటే రెండు పనులు ఉండేవి: ముద్రించే తలను ఎడమ అంచుకు తేవడం, కాగితాన్ని ఒక లైను పైకి జరపడం. విండోస్ ఆ రెండు గుర్తులనూ నేటికీ రాస్తుంది. యూనిక్స్, లినక్స్ రెండోదాన్ని ఒక్కదాన్నే రాస్తాయి. వీఎస్ కోడ్ కింది పట్టీలో కుడివైపు ‘ఎల్‌ఎఫ్’ (రెండో గుర్తు ఒక్కటే) అని గానీ ‘సీఆర్‌ఎల్‌ఎఫ్’ (రెండు గుర్తులూ) అని గానీ ఉంటుంది, చూడండి. గిట్‌లో ఎల్‌ఎఫ్‌తో ఉన్న ఫైలును మీ ల్యాప్‌టాప్ సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో సేవ్ చేసి, గిట్ దాన్ని తిరిగి మార్చకుండా వదిలేస్తే, ప్రతి లైనూ వేరైనట్టే లెక్క. మిమ్మల్ని తీసేయమంటున్న కనిపించని అక్షరం కూడా అదే. ప్రిటియర్ 2020లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఎల్‌ఎఫ్ మాత్రమే కావాలంటుంది. దాన్ని, కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ ద్వారా నడుపుతున్నట్టున్నారు, అందుకే లైనుకో ఎర్రగీత.

రివ్యూ చేసే ఆయన అనుమానం ఈ పూటే తీరాలంటే, ‘గిట్ డిఫ్’ పక్కన హైఫన్ పెట్టి డబ్ల్యూ అక్షరం ఇమ్మనండి. ఖాళీల తేడాలు పక్కకు పోయి మీ ఒక్క గుర్తూ బయటపడుతుంది. గిట్‌హబ్ వాడుతుంటే రివ్యూ పేజీలో కూడా ఖాళీల తేడాలు దాచే సదుపాయం ఉంది.

శాశ్వతంగా తీరాలంటే రిపాజిటరీ (గిట్‌లో మీ కోడ్ ఉండే ఫోల్డరు) మొదట్లో ‘గిట్‌ఆట్రిబ్యూట్స్’ అనే ఫైలు పెట్టండి. పేరు ముందు చుక్క ఉండాలి. అందులో ఒక లైను: అన్ని ఫైళ్ళకూ టెక్స్ట్ ‘ఆటో’, ఈఓఎల్ ‘ఎల్‌ఎఫ్’. విండోస్ బ్యాచ్ ఫైళ్ళు ఉంటే వాటికి మాత్రం సీఆర్‌ఎల్‌ఎఫ్ అని రెండో లైను. తర్వాత ‘గిట్ యాడ్’కు ‘రీనార్మలైజ్’ అనే ఆప్షన్ ఇచ్చి మొత్తాన్ని ఒకసారి కమిట్ చేయండి, అంటే గిట్‌లో నమోదు చేయండి. ఇక మీదట ఎవరి కంప్యూటర్‌లో గిట్ సెట్టింగులు ఎలా ఉన్నా గిట్‌లోకి వెళ్ళేది ఒకే రకం.

రెండో ఫైలు ‘ఎడిటర్‌కాన్ఫిగ్’, దీనికీ ముందు చుక్క. మీ ఐదుగురికీ ఉమ్మడి భాష ఇదే. ఇండెంట్ శైలి, సైజు, లైను చివరి గుర్తు, అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8, లైను చివరి ఖాళీలు తీసేయడం, ఫైలు చివర కొత్త లైను, అంతే. పైచార్మ్ దాన్ని తనంతట తానే చదువుతుంది. నియోవిమ్ 0.9 నుంచి దానికీ తెలుసు, మామూలు విమ్ అయితే ప్లగిన్ ఉంది. వింతేమిటంటే మీ ముగ్గురి వీఎస్ కోడ్‌కే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. మార్క్‌డౌన్ ఫైళ్ళకు మాత్రం లైను చివరి ఖాళీలు తీసేయవద్దని చెప్పండి, అక్కడ చివర రెండు స్పేసులు ఉంటే లైను విరవమని అర్థం. మేక్‌ఫైలు ఉంటే దానికి ట్యాబే ఉండాలి. స్పేసులు పెడితే అది నడవదు.

లైను ఎక్కడ విరగాలి, కామా ఉండాలా వంటి పెద్ద పనులు ఫార్మాటర్లవి. ప్రిటియర్‌కు దాని సొంత ఫైలు, బ్లాక్‌కు పైప్రాజెక్ట్ టోమల్ ఫైలులో నాలుగు మాటలు. ప్రిటియర్ ఫైలు అంటూ ఉంటే ఎక్స్‌టెన్షన్ మీ వీఎస్ కోడ్‌లోని ప్రిటియర్ సెట్టింగులను పట్టించుకోదు. మనకు కావలసింది అదే. వెర్షన్ కూడా ఖచ్చితంగా రాయండి, సుమారుగా కాదు. 2023లో వచ్చిన మూడో వెర్షన్‌లో చివరి కామా నియమం మారింది: ఫంక్షన్‌కు ఇచ్చే విలువల జాబితా పలు లైన్లకు విరిగితే చివర కూడా కామా వస్తుంది. ఒకరి దగ్గర రెండు, ఇంకొకరి దగ్గర మూడు ఉంటే ఒకరు పెట్టిన కామాను మరొకరు తీసేస్తూ కాలక్షేపం చేయవచ్చు. ప్రాజెక్టులోనే ప్రిటియర్ ఉంటే ఎక్స్‌టెన్షన్ తన దగ్గరున్నదాన్ని పక్కన పెట్టి దాన్నే వాడుతుంది.

చివరిగా వీఎస్ కోడ్‌లో ‘వర్క్‌స్పేస్’ సెట్టింగులు. ‘ఫార్మాట్ ఆన్ సేవ్’, ఏ భాషకు ఏ ఫార్మాటర్ అన్నవి అక్కడ పెట్టి గిట్‌లో చేర్చండి. ఒక మెలిక ఉంది. వర్క్‌స్పేస్ సెట్టింగు సొంత సెట్టింగును దాటుతుందని అందరూ అంటారు, మామూలుగా నిజమే. అయితే మీ సొంత సెట్టింగుల్లో పైథాన్‌కు ప్రత్యేకంగా ఒక విలువ రాసుకుని ఉంటే, వర్క్‌స్పేస్‌లో అన్ని భాషలకూ కలిపి రాసిన విలువ దాన్ని దాటలేదు. భాష పేరుతో రాసినదే గెలుస్తుంది. అందుకని వర్క్‌స్పేస్‌లో కూడా భాష పేరు పెట్టే రాయండి.

ఇన్ని రాశాక కూడా ఫార్మాటర్ మంత్రగత్తె అనుకోవద్దు. పైథాన్‌లో ఇండెంటే వ్యాకరణం. లూప్ లోపల ఉండాల్సిన లైను బయట పడితే, బయటే ఉండాలని మీ ఉద్దేశం కాబోలని బ్లాక్ అనుకుంటుంది. దాన్ని శుభ్రంగా బయటే ఉంచుతుంది.

పెద్ద అక్షరాలు

గాజువాక కోబాల్ గారు రాసినదాంట్లో ‘ట్యాబా స్పేసా’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ గొడవ మీద జోకులు వేసేవారే ఎక్కువ. నా విషయం వేరు.

నాకు చూపు బాగా తక్కువ. ద్వారకానగర్‌లో ఒక సంస్థలో పని చేస్తాను. అక్షరాలు చాలా పెద్దవి చేసుకుంటేనే చదవగలను. అలా చేసుకుంటే తెర మీద లైనుకు యాభై అక్షరాలు పడితే గొప్ప. ఒక షరతులో ఇంకో షరతు, దాని లోపల లూప్, అలా నాలుగు మెట్లు దిగితే, మెట్టుకు నాలుగు స్పేసుల చొప్పున పదహారు గడులు ఖాళీగా పోతాయి. నా తెరలో మూడో వంతు ఖాళీని చూస్తూ కూర్చోవాలి. అదే కోడ్ ట్యాబులతో ఉంటే, నా ఎడిటర్‌లో ట్యాబ్ వెడల్పు ఒకటి పెట్టుకుంటాను. నాలుగు గడులే పోతాయి. పక్క కుర్చీలో ఆయన ఎనిమిది పెట్టుకుంటారు. ఫైలులో బైటు మారదు. మీరు గీసిన హద్దు ప్రకారమే చూడండి, స్పేసులు వాడితే వెడల్పు ఫైలుకు చెందుతుంది, ట్యాబులు వాడితే అది మనిషికి చెందుతుంది.

గో భాషవారి ఫార్మాటర్ ట్యాబులే పెడుతుంది, అక్కడ ఎవరూ కొట్టుకోవడం లేదు. ప్రిటియర్‌లో ‘యూజ్ ట్యాబ్స్’ అనే ఆప్షన్ ఉంది. పైథాన్‌లో బ్లాక్ ఒప్పుకోదు, రఫ్ ఫార్మాటర్‌లో అయితే ట్యాబులు ఎంచుకోవచ్చు. మీ ఐదుగురిలో ఎవరికీ ఈ అవసరం లేకపోవచ్చు. ఆరో మనిషికి ఉండవచ్చు కదా.

గాజువాక కోబాల్

పెద్ద అక్షరాలు గారూ, ఈ మాట ముందు ‘నాకు స్పేసులే నచ్చుతాయి’ వంటి వాదనలన్నీ తేలిపోతాయి. టైప్‌స్క్రిప్ట్ వరకు ట్యాబులు పెట్టుకోమనే నేనూ చెబుతాను, ఖర్చేమీ లేదు. పైథాన్ దగ్గర మాత్రం నాకు మనసొప్పడం లేదు. పెప్ 8 నాలుగు స్పేసులంటుంది, బయటి నుంచి తెచ్చి అతికించే ప్రతి తునకా స్పేసులతో వస్తుంది. ట్యాబులతో స్పేసులు గజిబిజిగా కలిస్తే పైథాన్ 3 అసలు నడపనే నడపదు. మీరు పైథాన్ కూడా చదవాల్సి వస్తుందా?

పెద్ద అక్షరాలు

వస్తుంది. చదివేటప్పుడు నా దగ్గర ట్యాబులుగా మార్చుకుని చూస్తాను, గిట్‌లోకి పంపే ముందు బ్లాక్ మళ్ళీ స్పేసులు చేసేస్తుంది. చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఫార్మాటర్ అంటూ ఉండబట్టే ఈ పని కుదురుతోంది. అది లేనప్పుడు మార్చినదాన్ని వెనక్కి మార్చడానికి భయపడేవాణ్ణి.

మధురవాడ మూడో అంతస్తు

అందరికీ కృతజ్ఞతలు. కోబాల్ మేడమ్ గారూ, మీ అనుమానమే నిజం. నా ల్యాప్‌టాప్‌లో గిట్ లైను చివరలను మార్చకుండా వదిలేస్తోంది, కింది పట్టీలో సీఆర్‌ఎల్‌ఎఫ్ అనే ఉంది. రివ్యూ ఆయనకు డబ్ల్యూ పెట్టి చూపించాను. చూసి, “ఇంతేనా” అన్నారు. ఆ ఒక్క మాటతో మా మధ్య వాతావరణం చల్లబడింది.

గిట్‌ఆట్రిబ్యూట్స్, ఎడిటర్‌కాన్ఫిగ్ రెండూ పెట్టేశాం. విమ్ ఆవిడ దగ్గర ఎడిటర్‌కాన్ఫిగ్ ప్లగిన్ ఎప్పటి నుంచో ఉందట. “మీరు ఫైలు పెడతారేమో అని చూస్తున్నాను” అన్నారు. మనలో మాట, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే మాకు ఎంత తిప్పలు తప్పేదో. టైప్‌స్క్రిప్ట్‌కు ట్యాబులు అని నిర్ణయించుకున్నాం. అనకాపల్లి ఆయన మొదట గొణిగారు, పెద్ద అక్షరాలు గారు రాసింది చదివాక మరి మాట్లాడలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. లారీ డ్రైవర్లకు మేము తెలుగులో సందేశాలు పంపుతాం. ‘మీ గేట్‌పాస్ సిద్ధంగా ఉంది, వేర్‌హౌస్‌కు రండి’ వంటివి. అవన్నీ ఒక జేసన్ ఫైలులో ఉంటాయి. వీఎస్ కోడ్ ఆ ఫైలులో అక్కడక్కడా పసుపు గడులు చూపించి, కనిపించని అక్షరాలు ఉన్నాయని హెచ్చరిస్తోంది. కనిపించని అక్షరం అంటేనే ఇప్పుడు మా వాళ్ళకు హడలు కాబట్టి, ఒకరు అన్నింటినీ ఏరి తీసేశారు. ఇప్పుడు డ్రైవర్ల ఫోనుల్లో ‘గేట్పాస్’, ‘వేర్హౌస్కు’ అని వత్తులు పడి వస్తోంది. వెనక్కి తెచ్చుకున్నాం గానీ పసుపు గడులు మళ్ళీ వచ్చాయి. పైథాన్ వైపు తప్పులు పట్టే ఫ్లేక్8 కూడా తెలుగు ఉన్న లైన్లు పొడుగైపోయాయంటోంది. చూస్తే అవి పొట్టిగానే ఉన్నాయి.

సిరిపురం సందు

ఆ అక్షరం తెలుగు టైపు చేసే ప్రతివారికీ కావలసినదే. టకు పకు మధ్య వత్తు పడకుండా ఆపేది అదే, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. కోడ్‌లో కనిపించని గుర్తులు దాచి మోసం చేయవచ్చని 2021 చివర్లో పరిశోధకులు చూపించాక వీఎస్ కోడ్‌లో ఈ హెచ్చరిక వచ్చింది. కాబట్టి మొత్తంగా ఆపేయకండి. సెట్టింగుల్లో ‘యూనికోడ్ హైలైట్’ కింద ‘అలౌడ్ క్యారెక్టర్స్’ ఉంటుంది, ఈ ఒక్క అక్షరాన్ని అందులో చేర్చండి. వర్క్‌స్పేస్ సెట్టింగుల్లో చేర్చితే మరొకరు మళ్ళీ ఏరిపారేయకుండా ఉంటారు.

ఫ్లేక్8 కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టదు, యూనికోడ్ సంకేతాలను లెక్కపెడుతుంది. ‘క్రేన్’ అన్న మాట చూడటానికి రెండక్షరాలు, పైథాన్‌ను పొడుగు అడిగితే 6 అంటుంది. తెలుగు సందేశాలను పైథాన్ ఫైళ్ళలోంచి తీసి ఆ జేసన్‌లోకే పంపేయండి, గొడవ ఉండదు.

ఇంకొకటి. ఫార్మాటర్లు మామూలుగా కోట్ల లోపలి పాఠాన్ని ముట్టుకోవు గానీ, లైను చివరి ఖాళీలు తీసేసే ఎడిటర్ సెట్టింగుకు ఆ వివక్ష లేదు. పలు లైన్ల సందేశంలో చివర కావాలని స్పేస్ ఉంచి ఉంటే అది పోతుంది.

మధురవాడ మూడో అంతస్తు

పసుపు గడులు పోయాయి. ఆఖరి ప్రశ్న. కోడ్ అంతటినీ ప్రిటియర్‌తో, బ్లాక్‌తో ఒక్కసారే సర్దేసి కమిట్ చేద్దామంటున్నారు. శనివారం సాయంత్రం అనుకున్నాం. రెండు భయాలున్నాయి. ఇక మీదట ఏ లైను ఎవరు రాశారని ‘గిట్ బ్లేమ్’లో చూస్తే అన్నిటికీ నా పేరే వస్తుంది. రెండోది, విమ్ ఆవిడ బ్రాంచి (అసలు కోడ్‌లో ఇంకా కలపని విడి ప్రతి) ఒకటి చాలా రోజులుగా తెరిచే ఉంది, అందులో సగం డెమరేజి మాడ్యూల్ ఉంది. అది కలిపేటప్పుడు ఏమవుతుంది?

గాజువాక కోబాల్

శనివారం సాయంత్రం వద్దు. సోమవారం పొద్దున, అందరూ కుర్చీల్లో ఉన్నప్పుడు చేయండి. పోర్టుకు ఆదివారం లేదు, మీ ఆఫీసుకు ఉంది.

కోడ్ చెడిపోతుందని మాత్రం బెంగ వద్దు. సర్దకముందూ సర్దిన తర్వాతా ప్రోగ్రాము నిర్మాణం ఒకటేనా అని బ్లాక్ తనే సరిచూసుకుంటుంది, తేడా వస్తే ఫైలును ముట్టదు. అయినా మీ పరీక్షలు నడపండి. ఆ కమిట్‌లో సర్దడం తప్ప ఇంకేమీ ఉండకూడదు. “ఎలాగూ ఫైలు తెరిచాను కదా” అని ఒక్క పేరు కూడా మార్చకండి.

విమ్ ఆవిడ బ్రాంచికి ఈ వరుస పాటించండి. ముందు, సర్దిన కమిట్‌కు సరిగ్గా ముందున్న కమిట్ వరకు మెయిన్‌ను (అందరి అసలు బ్రాంచిని) ఆవిడ బ్రాంచిలోకి కలపండి. చిక్కులు వస్తే అప్పుడే విప్పుకోండి, అవి నిజమైన చిక్కులు. తర్వాత అవే సెట్టింగు ఫైళ్ళు, అవే వెర్షన్లు తెచ్చి ఆవిడ బ్రాంచిలో ఫార్మాటర్ నడిపి కమిట్ చేయండి. ఇప్పుడు రెండువైపులా ఒకే రకంగా సర్ది ఉంది. ఆ తర్వాత సర్దిన కమిట్‌ను ‘అవర్స్’ అనే వ్యూహంతో కలపండి, అంటే చరిత్ర కలుస్తుంది, ఫైళ్ళు ఆవిడవే ఉంటాయి. ఇక అక్కడి నుంచి మామూలే.

బ్లేమ్ సంగతికి 2019లో గిట్ 2.23తో ఉపాయం వచ్చింది. ‘గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్’ అని, మాటల మధ్య హైఫన్లతో, ముందు చుక్కతో ఒక ఫైలు పెట్టి అందులో ఆ కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంకేతం) రాయండి. గిట్‌హబ్ ఆ పేరును తనంతట తానే గుర్తుపడుతుంది. మీ కంప్యూటర్లలో మాత్రం ఒక్కొక్కరూ గిట్ కాన్ఫిగ్‌లో ‘బ్లేమ్’ కింద ‘ఇగ్నోర్ రెవ్స్ ఫైల్’ విలువగా ఆ ఫైలు పేరు ఇచ్చుకోవాలి. అప్పుడు బ్లేమ్ మీ కమిట్‌ను దాటి, లైను నిజంగా రాసినవారి పేరు చూపిస్తుంది.

హ్యాష్ మొదటి ఏడు అక్షరాలు రాస్తే చాలదు, మొత్తం 40 రాయాలి. మీరు స్క్వాష్ చేసి, అంటే కమిట్లన్నిటినీ ఒకటిగా చేసి, కలిపే అలవాటు ఉన్నవారైతే, కలిపాక హ్యాష్ మారిపోతుంది. కాబట్టి మెయిన్‌లోకి వెళ్ళాక అక్కడి హ్యాష్ చూసి, దాన్ని రెండో కమిట్‌గా రాయండి.